పాపాయి నిద్ర లేవకూడదు!

పెళ్లి ఫొటో సరిగ్గా రాలేదనుకోండి. వధూవరుల్ని మళ్లీ నిలబెట్టి, దండలు సర్ది ఇంకోటి తీసుకోవచ్చు. పాస్‌పోర్టు ఫొటో పాడైతే ఐదు నిమిషాల పని. పుట్టి పది రోజులైన పాపాయి అలా కాదు. రోజుకో తీరుగా మారిపోతుంది. కడుపులో ఉన్నట్టే ముడుచుకున్న కాళ్లు మెల్లగా చాపేస్తుంది. బిగించిన గుప్పిట విప్పేస్తుంది. భుజాల మీది నూగు రాలిపోతుంది. నెల దాటాక 'ఆ రోజు ఎలా ఉందో అలా తీయండి' అంటే ఎవరి తరమూ కాదు. అందుకే పసిపిల్లల ఫొటోలు తీసేవాళ్లకు కొత్త కెమెరా కొనడం సెల్‌ఫోన్ మార్చినంత తేలిక కాదు.

విజయవాడలో పసిపిల్లల, కుటుంబాల ఫొటోలు తీసే ఓ యువతికి ఆ నిర్ణయానికి రావడానికి మూడు నెలలు పట్టింది. ఆమె తండ్రిది ఫొటో స్టూడియో. యాషికా కెమెరాలో 120 ఫిల్ము వేస్తే వచ్చేవి 12 ఫొటోలే. ఆ పన్నెండింట్లోనే గౌరీపూజ నుంచి అప్పగింతల దాకా ఇమడ్చాలి. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు ఫొటో అంటే లెక్క ఎక్కువ. పెళ్లయి, తనకో పాప పుట్టాక ఆ పాపకు తీసిన ఫొటోలు చూసి మొదట చుట్టాలు పిలిచారు. తర్వాత చుట్టాల చుట్టాలు. అలా వ్యాపకం కాస్తా వృత్తి అయిపోయింది. ఇన్నాళ్లూ ఓ పాత డీఎస్ఎల్ఆర్‌తోనే నెట్టుకొచ్చింది. దాన్ని మార్చాలని గట్టిగా అనిపించింది మాత్రం ఒక బారసాల తర్వాతే.

ఒక్క కార్డు... ఒక్క ఫొటో

ఇరవై ఒకటో రోజు. ఊయలకు పూలు చుట్టారు. బియ్యంలో పేరు రాశారు. తొంభై ఏళ్లు దాటిన ముత్తవ్వ పాపాయిని ఒళ్లో పెట్టుకుని, చూపు సరిగా ఆనకపోవడంతో వేలితో బుగ్గలూ ముక్కూ తడిమి చూసుకుంది. ఆ కాసేపూ ఆమె కెమెరా ఆగలేదు. రాత్రి ఇంటికొచ్చి మెమరీ కార్డు కంప్యూటర్‌లో పెడితే తెరుచుకోలేదు! పోయిన ఫొటోల్ని వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్‌తో రెండు రోజులు కుస్తీ పడితే సగానికి పైగా దక్కాయి. దక్కనివాటిలో ముత్తవ్వ ఫొటోలున్నాయి. మళ్లీ వెళ్లి తీద్దామనుకునేలోగా ఆవిడ మంచాన పడ్డారు. ఆ నెల్లోనే పోయారు.

తీసుకున్న డబ్బు వెనక్కిచ్చేసింది. ఆ ఇంట్లోవాళ్లు పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. కొత్త కెమెరా గురించి కాగితం మీద రాసుకున్న మొదటి మాట అందుకే- 'రెండు కార్డులు'.

కెమెరాలో రెండు కార్డులు పెట్టే వీలుంటే ప్రతి ఫొటోనూ అది ఒకేసారి రెండింటిలోనూ రాస్తుంది. ఒకటి మొరాయించినా రెండోది ఉంటుంది. ఇది ఎంత అవసరమో కంపెనీలకూ ఆలస్యంగానే తెలిసొచ్చింది. 2018లో నికాన్ జెడ్6, జెడ్7, కెనాన్ ఈఓఎస్ ఆర్ మార్కెట్లోకి వచ్చినప్పుడు అన్నింటిలోనూ ఒక్కో కార్డే. పెళ్లిళ్లు తీసేవాళ్లు పెదవి విరిచారు. 2020లో వచ్చిన జెడ్6-2, ఈఓఎస్ ఆర్6ల్లో రెండేసి పెట్టారు. రెండు కార్డులున్నంత మాత్రాన పని అయిపోదు. ఒకటి నిండాక రెండోది వాడుకునేలా పెట్టి ఉంటే పాత కష్టమే మళ్లీ ఎదురవుతుంది. రెండింటిలోనూ ఒకేసారి రాసేలా మెనూలోకి వెళ్లి మార్చుకోవాలి.

చప్పుడు చేస్తే చెడింది

పసిపిల్లల్ని తీసేది ఎక్కువగా నిద్రలోనే. పాలు తాగి, తేన్చి, అమ్మ భుజం మీద నుంచి మెత్త మీదకు చేరడానికి ఒక్కోసారి గంట. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూస్తుంటే కెమెరా 'టక్' మంటుంది... పాపాయి ఉలిక్కిపడుతుంది. అంతే, కథ మళ్లీ మొదటికి!

డీఎస్ఎల్ఆర్‌లో ఆ చప్పుడుకు కారణం లోపలి అద్దం. ఫొటో తీసిన ప్రతిసారీ అది లేచి పడుతుంది. మిర్రర్‌లెస్ కెమెరాల్లో అద్దమే లేదు. ఎలక్ట్రానిక్ షటర్ పెట్టుకుంటే చీమ చిటుక్కుమన్నంత శబ్దం కూడా రాదు. అయితే దీనికీ ఓ చిక్కుంది. మన కరెంటుకు ట్యూబులైట్లు, కొన్ని రకాల ఎల్ఈడీ బల్బులు సెకనుకు వందసార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటాయి. కంటికి తెలియదు. ఎలక్ట్రానిక్ షటర్ మాత్రం బొమ్మను వరసలు వరసలుగా చదువుతుంది కాబట్టి ఫొటోలో అడ్డచారలు పడతాయి. షటర్ వేగాన్ని సెకనులో వందో వంతుకో, యాభయ్యో వంతుకో దించితే చాలావరకు పోతాయి. అన్నిటికన్నా తేలికైన ఉపాయం లైట్లార్పేసి కిటికీ తెర తీయడమే.

ఫ్లాష్ పసికందు కళ్లకు హాని చేస్తుందనడానికి వైద్యపరంగా రుజువుల్లేవు. అయినా నేరుగా ముఖం మీద మెరిస్తే బిడ్డ ఉలిక్కిపడొచ్చు, తల్లి అంతకన్నా ఎక్కువ ఉలిక్కిపడుతుంది. అందుకే ఆమె కిటికీ వెలుతురునే నమ్ముకుంది.

మసక గదిలో పరీక్ష

బాలింత గది ఎలా ఉంటుందో తెలిసిందే. తలుపులు దగ్గరకేసి, తెరలు దించి, మూల ఒక చిన్న బల్బు. అంత తక్కువ వెలుతురులోనూ చర్మం రంగు చెడకుండా, చుక్కలు చుక్కలుగా మారకుండా ఫొటో రావాలంటే సెన్సర్ పెద్దదై ఉంటే మేలు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. తక్కువ ధర కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సి సెన్సర్‌తో పోలిస్తే వైశాల్యం రెండు రెట్ల పైమాటే. అంటే అదే లెక్కన ఎక్కువ వెలుతురు పడుతుంది.

మరి మెగాపిక్సెళ్లు? దుకాణంలో అందరూ మొదట చెప్పేది ఆ సంఖ్యే. 24 మెగాపిక్సెళ్లంటే సుమారు 6000 చుక్కల పొడవు, 4000 చుక్కల వెడల్పు. అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చువేసినా 20 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు వస్తుంది. ఇంట్లో ఆల్బమ్‌కు అది చాలు. 45 మెగాపిక్సెళ్లది కొంటే ప్రతి ఫొటో ఫైలూ దాదాపు రెట్టింపవుతుంది. కార్డులు, హార్డ్‌డిస్కులు, కంప్యూటరు... అన్నీ దానికి తగ్గట్టు పెంచుకుంటూ పోవాలి.

కన్ను దొరికితేనే...

పసిపిల్లల ఫొటోలో కనురెప్పలు స్పష్టంగా ఉండాలి. 85 ఎంఎం లెన్సును ఎఫ్ 1.8లో పెట్టి మీటరు దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చేది సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల మేరే. ముక్కు కొస మీద ఫోకస్ కుదిరితే కన్ను మసక. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు మనిషి కన్ను ఎక్కడుందో వాటంతటవే వెతికి పట్టుకుంటాయి. ఇల్లంతా పరుగులు తీసే మూడేళ్ల అన్నయ్యను తీసేటప్పుడు ఇది వరమే. కళ్లు మూసుకుని, సగం ముఖం మెత్తలో దాచుకున్న చిన్నారి విషయంలో మాత్రం ఒక్కోసారి తడబడుతుంది. అప్పుడు చిన్న ఫోకస్ బిందువును స్వయంగా రెప్ప మీద పెట్టుకోవడమే దారి. దాన్ని వేలితో చటుక్కున జరిపే వీలుందా లేదా అన్నదీ ఆమె చూసింది.

చేయి వణికినా ఫొటో చెదరకుండా చూసే ఏర్పాటు కొన్ని కెమెరాల్లో లోపలే ఉంటుంది. అది మన వణుకునే ఆపుతుంది, పాపాయి కాలు ఝాడిస్తే ఆపలేదు. దానికి షటర్ వేగమే కావాలి.

అద్దెకు తెచ్చి... లెక్క వేసి

విన్నది నమ్మకుండా మూడు రకాల కెమెరాల్ని రెండేసి రోజులు అద్దెకు తెచ్చుకుంది. వాటిని రాత్రిపూట పడగ్గదిలో, నిద్రపోతున్న కూతురి మీదే పరీక్షించింది. తక్కువ బరువు, తక్కువ ధర చూసి 2023లో వచ్చిన కెనాన్ ఆర్8, సోనీ ఏ7సి-2 మీద మనసు పోయింది. రెండూ మంచివే, కానీ రెండింటిలోనూ కార్డు ఒకటే. కెనాన్ ఆర్6 మార్క్-2 సెన్సరూ, ఆర్8 సెన్సరూ 24 మెగాపిక్సెళ్లవే. మొదటిదానికి ఎక్కువ డబ్బు పెడితే వచ్చే ముఖ్యమైన లాభాలు రెండో కార్డు, వణుకు ఆపే ఏర్పాటు, పెద్ద బ్యాటరీ. సోనీ ఏ7-4, నికాన్ జెడ్6-3, 2025లో వచ్చిన నికాన్ జెడ్5-2... వీటన్నింటిలోనూ రెండేసి కార్డులున్నాయి.

ఇంతకీ ఆమె ఏది కొంది? అడిగితే నవ్వేస్తుంది. "ఇంట్లో ఉన్న లెన్సులకు ఏది చుట్టమైతే అది" అంటుంది. నిజమే. పాత కెనాన్, నికాన్ లెన్సుల్ని అడాప్టరుతో అదే కంపెనీ మిర్రర్‌లెస్ కెమెరాలకు బిగించుకోవచ్చు. లోపల మోటారు లేని పాత నికాన్ లెన్సులకు మాత్రం ఎఫ్‌టీజెడ్ అడాప్టరుతో ఆటోఫోకస్ పనిచేయదు. పాత లెన్సు ఉందన్న ధీమాతో కొని తర్వాత తలపట్టుకునేవాళ్లు అందుకే ముందు దుకాణంలోనే బిగించి చూసుకోవాలి.

వాయిదాల లెక్క రాసుకుంటుంటే తండ్రి పక్కన కూర్చున్నాడు.

"మొత్తం డబ్బు పెట్టెకే పోస్తే అద్దానికేం మిగులుతుందమ్మా?" అన్నాడు. ఆయన భాషలో పెట్టె అంటే కెమెరా, అద్దమంటే లెన్సు.

"రెండు కార్డులున్నది కావాలి నాన్నా. అందులో తగ్గను."

"తగ్గొద్దు. మెగాపిక్సెళ్లు తగ్గించుకో."

అలాగే చేసింది. ఒక మెట్టు కింది కెమెరా తీసుకుని, మిగిలినదాంతో చిట్టి వేళ్లు, గోళ్లు తీయడానికి మ్యాక్రో లెన్సు కొంది. జీఎస్టీ బిల్లు, మన దేశంలో చెల్లే వారంటీ కార్డు రెండూ అడిగి మరీ తీసుకుంది. బిల్లు లేకుండా కాస్త చవగ్గా ఇస్తామన్న చోట నుంచి లేచొచ్చేసింది.

కెమెరాకు తెలియనివి

బుజ్జి చేతుల మీద గడ్డం ఆనించి నిద్రపోయే పాపాయి ఫొటోను చాలామంది చూసే ఉంటారు. అది నిజానికి ఒక ఫొటో కాదు, రెండు! ఒకదాంట్లో పెద్దవాళ్ల చేయి తలను పట్టుకుని ఉంటుంది, రెండోదాంట్లో మణికట్టును. తర్వాత కంప్యూటర్‌లో కలిపి ఆ చేతుల్ని చెరిపేస్తారు. ఈ సంగతి తెలియక ఇంట్లో ప్రయత్నించడం ప్రమాదం. ఆస్ట్రేలియాలో పుట్టిన ఆన్ గెడెస్ పసిపిల్లల్ని పూలలా అలంకరించి తీసిన 'డౌన్ ఇన్ ద గార్డెన్' ఫొటోల పుస్తకం 1996లో వచ్చాక అలాంటివి కావాలనే కోరిక ఎన్నో దేశాలకు పాకింది. మన దగ్గరా అడుగుతున్నారు. బిడ్డకు ఇబ్బందయ్యే భంగిమ ఎంత డబ్బిచ్చినా ఆమె తీయదు. పైనుంచి తీసేటప్పుడు కెమెరా పట్టీ మెడలో ఉండాల్సిందే. కిలో బరువున్న వస్తువు చేయిజారితే కింద ఉన్నది పసికందు మరి!

"కాస్త తెల్లగా చేయమ్మా" అనే మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. రా ఫైల్‌లో తీస్తే తర్వాత రంగులు ఎలాగైనా మార్చుకోవచ్చు. ఆమె దాన్ని పసుపు బల్బు వల్ల వచ్చిన పచ్చదనం తీసేయడానికే వాడుతుంది. పిల్ల చామనఛాయ అయితే ఫొటోలోనూ చామనఛాయే. "పెద్దయ్యాక చూసుకుంటే తనే కనపడాలి కదండీ" అంటుంది. నొచ్చుకున్నవాళ్లు ఉన్నారు. మళ్లీ రెండో బిడ్డకు పిలిచినవాళ్లూ వాళ్లలోనే ఉన్నారు.

ఇప్పుడు ఏ ఇంటికెళ్లొచ్చినా ఆ రాత్రే ఫొటోలన్నీ రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కిస్తుంది. ఆల్బమ్ ఆ ఇంటికి చేరేదాకా కార్డులు చెరపదు. ముత్తవ్వలూ ముత్తాతలూ ఉన్న ఇంట్లో అయితే ముందు వాళ్ల ఒళ్లో పాపాయిని కూర్చోబెట్టి తీశాకే మిగతా పని. అంత వెదికి, అంత లెక్క వేసి కొన్న ఆ కెమెరా ఏ కంపెనీదని మాత్రం ఇంతవరకూ ఏ అమ్మమ్మా అడగలేదు. గుమ్మంలో అడుగు పెట్టగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే.

"చేతులు కడుక్కున్నావా అమ్మాయ్?"