మన మాటకూ ఒక లెక్క ఉంది

"మీది కలగాపులగం తెలుగండీ" అన్న మాట మా హోసూరు వైపు పుట్టినవాళ్లు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. బడిలోనో, పెళ్లి పందిట్లోనో, ఆంధ్ర నుంచి వచ్చిన చుట్టాల నోటనో. వినీ వినీ మన పిల్లలు ఇంటి మాటకే సిగ్గుపడుతున్నారు. బి.కాం. చదివి బ్యాంకులో చేరిన నాకు దీనికి జవాబు మా అమ్మాయి ఎం.ఏ. మొదటి సంవత్సరం భాషాశాస్త్రం పుస్తకంలో దొరికింది.

ఆ శాస్త్రం మాటను మంచిచెడ్డలుగా చూడదు. ధ్వని, పదనిర్మాణం, వాక్యం, అర్థం అని విడదీసి, ఒక్కొక్కదానిలో నియమం వెతుకుతుంది.

ధ్వనుల సంగతి మా సంతలోనే వినవచ్చు. కన్నడం 'కివి'లోని కకారం మనకూ తమిళులకూ చకారమై 'చెవి' అయింది. తమిళుల 'ఉరల్' మనకు రోలు, 'ఇరండు' రెండు, 'అవర్' వారు. మాట మొదట ఉన్న అచ్చు హల్లు వెనక్కి జరిగింది. ఇది ఎవరి నోటి పొరపాటూ కాదు, ఎన్నో శతాబ్దాల కిందట ఒక పద్ధతిలో జరిగిన మార్పు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో ఒకే కుదురుదనీ మద్రాసు కలెక్టరు ఎల్లిస్ 1816లోనే చూపించాడు. కాల్డ్వెల్ పుస్తకం వచ్చింది ఆ తర్వాత నలభై ఏళ్లకు, 1856లో.

ఇక పదనిర్మాణం. పుస్తకాల్లో 'వస్తున్నాడు'. మా ఇళ్లలో 'వస్తా ఉండాడు'. అలాగే చేస్తా ఉండాడు, పోతా ఉండాడు. వరస ఎక్కడా తప్పదు. 'ఉన్నాడు'లో కరిగిపోయిన 'ఉండు' ధాతువు మా మాటలో చెక్కుచెదరక నిలిచింది. దీన్ని చెడిన రూపమని ఎలా అంటాం?

తెలుగులో ఆమే వచ్చింది, బండీ వచ్చింది. తమిళంలో 'అవళ్ వందాళ్', 'వండి వందదు'. కొత్తగా తమిళం నేర్చుకునే మన పిల్ల 'అక్క వందదు' అంటే తోటివాళ్లు నవ్వుతారు. ఆ పిల్లకు వ్యాకరణం రాక కాదు, తెలుగు వ్యాకరణం గట్టిగా వచ్చి అలా అంటుంది.

అర్థం తేడా మా కౌంటరు దగ్గరే తెలుస్తుంది. 'అవసరం సార్' అని తెలుగాయన అంటే డబ్బు కావాలని. అదే మాట తమిళాయన అంటే తొందరగా పంపమని.

ఏ మాండలికమూ తక్కువ కాదని శాస్త్రం తేల్చింది. దాన్ని బతికించే పని మాత్రం మనదే. భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల నోటి మాటలు సేకరింపజేసి 1962లో వ్యవసాయ పదకోశం తెచ్చారు. అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల మాట. సరిహద్దుకు ఇవతల ఉన్న మన మడక మాటలు, వంటింటి మాటలు మనమే రాసుకోవాలి. మా అమ్మ నోటి మాటలతో నేనూ మా అమ్మాయీ ఒక నోటుబుక్కు మొదలుపెట్టాం. మీ ఇళ్లలోనూ అవ్వలూ తాతలూ ఉండగానే ఆ పని జరగాలి.