నీడ లేని వేళ

పెళ్లికి ముందే తండ్రిని పోగొట్టుకున్న పిల్ల ఆల్బమ్‌లో ఆ తండ్రి కొత్త చొక్కాతో కూతురి పక్కనే నిలబడి ఉంటాడు. గుజరాత్‌కు చేపల వేటకెళ్లిన మొగుడు, ఊళ్లో ఉన్న పెళ్లాం పిల్లలు ఒకే తెర ముందు కనిపిస్తారు. మా శ్రీకాకుళం వైపు స్టూడియోల్లో రెండు ఫోటోలిస్తే కలిపి ఒకటి చేసిస్తారు. మనసులో మాటకు బొమ్మ కట్టడాన్ని ఇప్పుడు కాన్సెప్ట్ ఫోటోగ్రఫీ అంటున్నారు. జరిగి ఉండాల్సింది ఫోటోలోనైనా చూసుకోవాలన్న కోరిక మాత్రం మావాళ్లకు ఎప్పట్నుంచో ఉంది.

ఆ మాటకొస్తే కెమెరా పుట్టిన కొత్తలోనే ఇదీ పుట్టింది. ఫోటోగ్రఫీ కనిపెట్టినవాడిగా తనకు దక్కాల్సిన పేరు డగేర్‌కు పోయిందన్న కడుపుమంటతో, హిప్పొలైట్ బయార్ అనే ఫ్రెంచివాడు 1840లో నీళ్లలో పడి చచ్చిన శవంలా తన ఫోటో తానే తీసుకున్నాడు. మన దగ్గర బెంగళూరు కళాకారిణి పుష్పమాల ఎన్., ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000-2004 మధ్య దక్షిణాది స్త్రీల బొమ్మలను తనే వేషం వేసుకుని మళ్లీ కట్టింది. రవివర్మ లక్ష్మి తనే, గళ్ల తెర ముందు నిలబెట్టి తెల్లదొరలు కొలతలు తీసుకున్న తోడా స్త్రీ కూడా తనే. ఆ గళ్ల తెర చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. దొరల చూపు ఎలాంటిదో ఆ ఒక్క గుడ్డముక్క పట్టిచ్చేసింది.

మాంచెస్టర్‌లో ఉండే నన్ను ఒక మాట చాన్నాళ్లు వేధించింది. నేను పంపిన డబ్బు ఊళ్లో నిలబడింది, నేను నిలబడలేదు. దీన్ని ఫోటోలో ఎలా చెప్పాలి? రైల్వే ప్లాట్‌ఫారం, సూట్‌కేసు, ఖాళీ కుర్చీ... ఏ ఊరివాడైనా తీయగలిగినవే ఇవన్నీ. ఎచ్చెర్లలోనే దొరికేది కావాలి నాకు.

అది మా డాబా మీదే ఉంది. పదహారో నంబరు హైవే నుంచి లోపలికొస్తే, అంబేద్కర్ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల, సగం ఇళ్ల మీద పిల్లర్ల ఊచలు ఆకాశంలోకి లేచి ఉంటాయి. పై అంతస్తు ఎప్పుడో వేద్దామని వదిలేసినవి. మా ఊచలకు పూసిన సిమెంటు పాలు పెచ్చులూడి, కింద ఎర్రటి తుప్పు తేలింది. కొసలు గుచ్చుకోకుండా ఖాళీ వాటర్ బాటిళ్లు బోర్లించారు. ఒకటి ఎండకు పెళుసై చీలిపోయింది. మాంచెస్టర్ చలికాలమంతా నేను తొడుక్కునే ఉన్ని కోటును ఆ ఊచలకు తొడిగాను.

ఇక వెలుగు. ఎచ్చెర్ల పద్దెనిమిది డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అందుకని మే నెల మధ్యలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, నిలువుగా ఉన్నదేదైనా తన నీడను కాళ్ల కిందే దాచేసుకుంటుంది. జూలై చివర్లో మళ్లీ వస్తాడు గానీ అప్పటికి మబ్బులు. మా రేఖాంశంలో మే నెలలో ఆ క్షణం గడియారం పన్నెండు కొట్టక ముందే వచ్చేస్తుంది. మాంచెస్టర్‌లో ఏడాదిలో ఏ రోజూ ఇది కుదరదు, అక్కడ నీడ మనిషిని వదలదు. నీడ లేని మనిషి కావాలి నాకు. ఆ పని సూర్యుడే చేసిపెట్టాడు, కంప్యూటర్లో చెరపాల్సిన పని లేకపోయింది.

అప్ప మెట్లెక్కి వచ్చి చూసింది. "ఏట్రా ఇది, కట్టే ఇంటికి దిష్టిబొమ్మ ఎట్టినావా? ఇల్లు అయిపోనాక దింపీయాల మరి!" నా ఫోటోకు అంతకన్నా మంచి శీర్షిక ఎవరూ పెట్టలేరు. అచ్చు వేయించినప్పుడు కింద ఆ మాటే రాయించాను.

నా బతుకును నా ఇష్టమొచ్చినట్టు బొమ్మ కట్టుకోవచ్చు, పక్కవాడి బతుకును కాదు. 2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కినవాళ్లలో మా ఎచ్చెర్ల మండలం వాళ్లూ ఉన్నారు. 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేకపోయారు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకు ఆధారం ఆ సంగతే. ఎదురుచూసిన ఆ ఆడవాళ్లను తీరంలో నిలబెట్టి నేను బొమ్మ కట్టడం తప్పని నా నమ్మకం. ఫోటోగ్రాఫర్ గౌరీ గిల్ మహారాష్ట్రలోని జవ్హార్‌లో కాగితపు గుజ్జు మాస్కులు చేసే ఆదివాసీ కళాకారులతో కలిసి పనిచేసింది. ఏ మాస్కు తొడుక్కోవాలో, ఏం చేస్తూ కనిపించాలో ఆ ఊరివాళ్లతో కలిసే తేల్చుకుంది. నేనూ ఈసారి సెలవులకు మా మండలంలోనే తీరాన ఉన్న బుడగట్లపాలెం వెళ్తాను. ఫోటోలో ఏం ఉండాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో అక్కడివాళ్లే చెప్తారు. అసలు తీయొద్దంటే కెమెరా సంచిలోనే ఉంటుంది.