పేరు పెట్టడం కూడా పాలనే

పోయినేడాది మాతో చదివే ఒకమ్మాయి ఒక పరీక్షకు దరఖాస్తు గడువు దాటేసింది. గడువు తేదీని నేను మా టెలిగ్రామ్‌లో పెట్టాను. కానీ పెట్టింది 'సీరియస్ ఓన్లీ' గ్రూపులో. తను చూసేది 'ప్రిలిమ్స్ ఫైనల్ కొత్తది'. అప్పటికి మాకు పదకొండు గ్రూపులు. అన్నింటికీ అడ్మిన్‌ని నేనే, పేర్లు పెట్టిందీ నేనే. తను నన్ను ఒక్క మాటా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంటోంది.

ఈ చిక్కు మనకంటే ముందు యూజ్‌నెట్‌కు వచ్చింది. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌ల ఆలోచనగా మొదలైన చర్చా వ్యవస్థ అది. తొలినాళ్లలో చాలా గ్రూపుల పేర్లు 'నెట్' అనే మాటతోనే మొదలయ్యేవి. గ్రూపులు పెరిగేసరికి ఏది ఎక్కడుందో తెలియలేదు. 1986-87లో పేర్లన్నీ మార్చి ఏడు శాఖలు చేశారు: కాంప్, మిస్క్, న్యూస్, రెక్, సై, సాక్, టాక్. పెద్ద విభాగం ముందు, చిన్నది తరువాత. 'రెక్.స్పోర్ట్.క్రికెట్' అంటే వినోదంలో ఆటలు, ఆటల్లో క్రికెట్. కొత్తవాడికి కూడా దారి తెలుస్తుంది.

ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. సందేశాలు మోసే ఖర్చు ఆయా కంప్యూటర్ కేంద్రాలదే. తెగని వాదనలన్నీ 'టాక్' కింద చేర్చితే, వద్దనుకున్న కేంద్రం ఆ శాఖ మొత్తాన్ని ఆపేయవచ్చు. అంటే పేరే నిర్ణయం. అది నచ్చనివాళ్లు 1987లోనే 'ఆల్ట్' అని వేరే శాఖ పెట్టుకున్నారు. ప్లాన్‌లో చోటు దొరక్కపోతే లేఔట్ బయట కాలనీ వెలిసినట్టు!

మన సంగతి చూడండి. తెలుగువాళ్ల గ్రూపు 'సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు'. తమిళులది 'సాక్.కల్చర్.తమిళ్', మధ్యలో 'ఇండియన్' లేదు. తమిళం శ్రీలంకదీ, సింగపూర్‌దీ కదా, ఒక దేశం కింద ఇమడదు. మలయాళీలది భాష పేరు కాదు, 'కేరళ'. మనది భాష పేరు కాబట్టి 2014లో రాష్ట్రం రెండయినా ఆ పేరు తప్పు కాలేదు.

జీఎస్-2 చదివేవాళ్లకు ఇది కొత్త కాదు. ఏడో షెడ్యూల్‌లోని మూడు జాబితాలూ ఇలాంటి అరలే. 1976 నాటి 42వ సవరణ విద్యను రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చింది. అర మారింది, దాంతో దానిపై చట్టం చేసే అధికారం ఎవరిదన్నదీ మారింది.

మొన్న మా పదకొండింటినీ నాలుగు చేశాను: 'తేదీలు', 'ప్రిలిమ్స్', 'మెయిన్స్', 'కబుర్లు'. 'తేదీలు'లో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయరు. ముందుగా ఆ అమ్మాయికే చూపించి, "ఎస్సే ఎక్కడ వెతుకుతావు?" అని అడిగాను. "మెయిన్స్‌లో. కానీ నువ్వు కబుర్లలో పెట్టావేంటి?" అంది. నిజమే, వెంటనే మార్చాను.

ఎస్సేలో 'సుపరిపాలన' వస్తే పెద్ద నిర్వచనాలతోనే మొదలుపెట్టక్కర్లేదు. ఆఫీసు తలుపు మీది బోర్డు నుంచి మొదలుపెట్టినా చాలు. పేరు పెట్టినవాడికి దారి ఎలాగూ తెలుసు. ఆ పేరు వెతుక్కునేవాడి కోసం. మీ గ్రూపుల పేర్లు ఈ రాత్రి ఒకసారి చూడండి. నిన్ననే చేరినవాళ్లకు గడువు తేదీ దొరుకుతుందా?