ప్రవీణ అంటే డిగ్రీయే

మొన్న మే నెలలో ఇక్కడ మిచిగన్‌లో మా అమ్మాయి పట్టా పుచ్చుకుంది. మెడలో బంగారు రంగు తాడు, కార్యక్రమం పుస్తకంలో పేరు పక్కన ‘సుమ్మా కుమ్ లాడే’. మనవాళ్లంతా చుట్టూ చేరి అభినందించారు. మా తెనాలి వైపు పెద్దాయన ఒకరు మా నాన్నగారేం చదివారని అడిగారు. తెలుగు, సంస్కృతాల్లో ఉభయ భాషా ప్రవీణ అన్నాను. “అది డిగ్రీయేనా అమ్మా?” అన్నారు. ఆ ‘యేనా’ ఇంకా నా చెవిలోంచి పోలేదు.

లాటిన్‌లో సుమ్మా అంటే అన్నిటికన్నా పైది, కుమ్ అంటే తో, లాడే అంటే మెప్పు. అత్యున్నత మెప్పుతో ప్యాసయిందని. 1870ల్లో హార్వర్డ్‌లో వాడుకలోకి వచ్చింది; వట్టి ‘కుమ్ లాడే’కూ దీనికీ మధ్యమెట్టుగా ‘మాగ్నా’ను 1880లో చేర్చారు. దాన్ని డిగ్రీయేనా అని ఎవరూ అడగరు.

మరి ప్రవీణ? వీణ బాగా వాయించేవాడని మొదటి అర్థం. తర్వాత ఏ విద్యలో ఆరితేరినా ప్రవీణుడే. చెయ్యి తెగకుండా కుశ అనే దర్భ కోసుకొచ్చేవాడు కుశలుడైనట్టు. లాటిన్ మాట ఎదుటివాళ్ల మెప్పును చెబుతుంది, మన మాట చేతిలో ఉన్న విద్యను చెబుతుంది. నాకు మనదే గొప్పగా తోస్తుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఇక్కడ ప్రతి బిడ్డ పేరూ పైకి చదివారు, కన్నవాళ్లు లేచి నిలబడి కేకలు పెట్టారు. నాన్న పట్టా పోస్టులో వచ్చింది. చప్పట్లు కొట్టినవాళ్లు లేరు.

చదువుకునే రోజుల్లో, సెలవులైపోగానే నాన్న రేపల్లెలో తొలి రైలెక్కి, తెనాలిలో మారి, నిడుబ్రోలులో దిగి పొన్నూరు సంస్కృత కళాశాలకు నడిచేవారట. వేమూరు దాటేలోపు సంస్కృత శబ్దాలన్నీ ఒకసారి వల్లె వేసేవాణ్ణని చెప్పేవారు. తరవాత బడిలో అందరితో సమానంగా పాఠాలు చెప్పినా భాషా పండితుల జీతం స్కేలు అప్పట్లో ఒక మెట్టు కిందే ఉండేది. ఎవరైనా చిన్నచూపు చూస్తే “తుమ్మలవారిదీ ఈ పట్టాయే” అనేవారు. నిజమే. కావూరులో పుట్టిన తుమ్మల సీతారామమూర్తిగారు ఉభయ భాషా ప్రవీణులు. బాపట్ల దగ్గర అప్పికట్లలో ఉన్నారు, బడిపంతులుగా బతికారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పిలిచి కళాప్రపూర్ణ ఇచ్చింది. ‘మహాత్మకథ’కు 1969లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

ఆ పెద్దాయన మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. చెల్లి పెళ్లి శుభలేఖలో నాన్న పేరు పక్కన ‘ఉభయ భాషా ప్రవీణ’ తీసేసి ‘రిటైర్డ్ టీచర్’ అని వేయించింది నేనే, మగపెళ్లివాళ్లకు అర్థం కాదని. నాన్న ప్రూఫు చూశారు, ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

మీ ఇంట్లో ప్రవీణ చదివినవాళ్లుంటే, శుభలేఖ అచ్చుకిచ్చే ముందు పేరు పక్కన ఆ మాట ఉందో లేదో చూడండి.