ఒకే కాలువలో రెండు కేబుళ్ళు

మేము కన్నడ బడిలో చదివినవాళ్ళం. తెలుగు రాత పెద్దయినాక నేర్చుకున్నాం గనుక వత్తులు, దీర్ఘాలు తప్పితే మీరే దిద్దుకోవాల.

ఆఫీసులో ఏం చేస్తారని పిల్లలు అడిగితే వేలి ఉంగరం తీసి చూపిస్తాం. కన్నడంలోనూ అది ఉంగురమే, వాళ్ళకు సులభం. ఊళ్ళను ఫైబర్ కేబుల్‌తో గుండ్రంగా కలిపితే రింగ్. ఒక పక్క తెగితే డేటా ఇంకో పక్కనుంచి చుట్టుకొని పోతుంది. మేము టెస్ట్ చేసే ఈథర్నెట్ రింగ్ పద్ధతికి జి.8032 అని పేరు. ఇందులో ఒక లింకును కావాలనే మూసి పెడతారు. మూయకపోతే పాకెట్లు గానుగెద్దు మాదిరి తిరిగి తిరిగి నెట్‌వర్కునే ముంచేస్తాయి. కేబుల్ తెగితే దానికి అటూ ఇటూ ఉన్న పెట్టెలు కబురు పంపుతాయి, మూసిన లింకు తెరుచుకుంటుంది. 16 కంటే తక్కువ పెట్టెలు, 1200 కిలోమీటర్ల లోపు చుట్టు ఉంటే ఇదంతా 50 మిల్లీసెకన్లలో అయిపోవాల.

సెకనుకు వెయ్యి పాకెట్లు పంపిస్తా, నడుమ కేబుల్ పీకేస్తాం. 37 పోతే 37 మిల్లీసెకన్లు. పాస్. మళ్ళీ తగిలిస్తే వెంటనే పాత దారికి పోదు, సరిగా నిలిచిందా అని మామూలుగా 5 నిమిషాలు చూస్తుంది. మేము టీ తాగొచ్చేది అప్పుడే.

మూడేండ్ల కింద వానాకాలంలో, బాగేపల్లి పక్క మా ఊర్లో అవ్వ పడిపోయింది. చిన్నాయన పొద్దున ఆరింటినుంచి ఫోన్ చేస్తానే ఉన్నాడు, ఒక్క టవరూ పలకలేదు. చివరికి బండేసుకొని చిక్కబళ్ళాపురం దాకా వచ్చి అక్కడినుంచి చేసినాడు. అప్పటికి తొమ్మిదిన్నర. మా ఇంటి స్విచింగ్ టైము మూడున్నర గంటలు.

మేము పోయేసరికి అవ్వకు తెలివి ఉంది, మాట పోయింది. ఎనిమిదింటిదాకా మాట్లాడిందంట. మమ్మల్నే అడిగిందంట. చేయి పట్టుకొని చూస్తా ఉండింది, అంతే. మేము ఆమె మాట కడాగా విన్నది ముందు ఆదివారం ఫోన్లో. "తిన్నారా" అనింది. మేము ఏదో రిపోర్టు రాస్తా "ఊ" అన్నాం.

తర్వాత ఆ పక్క కేబుల్ పని చేసే పిల్లోడు చెప్పినాడు. అక్కడ ఉండేదీ రింగేనంట. అయితే మోరీ దగ్గర పోయే కేబులూ వచ్చే కేబులూ ఒకే కాలువలో పూడ్చినారు. రోడ్డు పనికొచ్చిన జేసీబీ ఒక్క దెబ్బకు రెండిటినీ తెంపింది. రింగ్ ఒక తెగింపును తట్టుకుంటుంది, రెండిటిని కాదు. మోరీ అవతలి ఊళ్ళన్నీ విడిపోయినాయి. పటంలో మాత్రం చక్కని ఉంగరం.

ఇప్పుడు మా టెస్ట్ రిపోర్టులో ఒక గడి ఎక్కువుంది: రెండు కేబుళ్ళూ వేరే వేరే కాలువల్లో ఉన్నాయా? అది సాఫ్ట్‌వేర్ టెస్టర్ల పని కాదంటారు మా లీడ్. నిజమే. అయినా తీయలేదు. కస్టమర్లు ఎక్కువమంది దాన్ని ఖాళీగానే పంపిస్తారు, మేము మళ్ళీ అడుగుతాం.