గురుడి మొహం మీద మచ్చ

రాత్రి పదకొండున్నర. న్యూజెర్సీలో జనవరి నెల. బయట మైనస్ ఆరు. రెండు స్వెట్టర్లు, వాటి మీద మంచు కోటు, నెత్తిన మంకీ క్యాప్ తగిలించుకుని పెరట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. వంటింటి కిటికీలోంచి మా ఆవిడ "ఇంకా ఎంతసేపు?" అన్నట్టు చెయ్యి తిప్పింది. "రెండే నిమిషాలు" అని రెండు వేళ్ళు చూపించాను. అందులో నిజమెంతో ఇద్దరికీ తెలుసు. ప్రాజెక్టు మేనేజరుకి ఇచ్చే ఎస్టిమేట్ లాంటిదే అదీను.

ఇంతకీ నేను చేస్తున్న ఘనకార్యం గురుగ్రహానికి ఫోటో తియ్యడం.

ఈ పిచ్చి 2020 డిసెంబరు 21న పట్టుకుంది. ఆ సాయంత్రం గురుడూ శనీ ఒకళ్ళనొకళ్ళు రాసుకుపోతున్నారా అన్నంత దగ్గరగా కనిపించారు. కోవిడ్ రోజులు, ఎక్కడికీ వెళ్ళే పని లేదు. మర్నాడే ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు ఆర్డరు చేశాను. నిలబెడితే అచ్చం గీజరులా ఉంటుంది. మా ఇంట్లో దాని పేరు గీజరే.

చూడడం వేరు, ఫోటో తియ్యడం వేరు. మొదట్లో కన్ను పెట్టి చూసే చోట ఫోను ఆనించి నొక్కాను. ఇడ్లీ వచ్చింది. తెల్లగా, గుండ్రంగా, ఒక్క గీతైనా లేకుండా. చుట్టూ ఉన్న నల్లటి ఆకాశాన్ని చూసి ఫోను "అబ్బో చీకటి" అనుకుని వెలుతురు ఎక్కువ లాగేస్తుంది. గురుడేమో ఎండలో ఉన్న వస్తువాయె, తెల్లగా మాడిపోతాడు. ఇది అర్థం కావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మా నాన్నని అడిగి ఉంటే నాలుగు నిమిషాల్లో చెప్పేవాడు. ఆయనకి కొవ్వూరులో ఫోటో స్టూడియో ఉండేది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

గురుడు ఎంత పెద్ద గ్రహమైనా మనకి కనపడేది ఎంతో తెలుసా? 2026 జనవరి 10న సరిగ్గా సూర్యుడికి ఎదురు దిక్కున, మనకి దగ్గరగా వచ్చినప్పుడు కూడా, వంద మీటర్ల అవతల పట్టుకున్న రూపాయి బిళ్ళంత. మధ్యలో మన గాలి. చలికాలంలో మా నెత్తి మీదుగా జెట్ స్ట్రీమ్ అని ఒక గాలి నది పరిగెడుతూ ఉంటుంది. దాంట్లోంచి చూస్తే ఆ రూపాయి బిళ్ళ గోదాట్లో పడ్డట్టే ఉంటుంది, ఒకటే వణుకు. ఒక్క ఫోటో తీస్తే ఆ క్షణాన ఏ వంకరలో ఉంటే ఆ వంకరే పడుతుంది.

అందుకని ఫోటో తియ్యరు, వీడియో తీస్తారు. నా డాబ్సోనియన్‌కి మోటారు లేదు కాబట్టి భూమి తిరుగుతుంటే గురుడు తెర ఈ చివర నుంచి ఆ చివరికి అర నిమిషంలో జారిపోతాడు. ఆ అర నిమిషంలో సెకనుకి వంద చొప్పున మూడు వేల బొమ్మలు. ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వాటన్నిటినీ చూసి, ఏది ఎంత స్పష్టంగా ఉందో మన ఎంసెట్ ర్యాంకుల్లా వరస పెడుతుంది. పైనున్న నాలుగు వందలు ఉంచుకుని మిగతావి పారెయ్యాలి. ఆ నాలుగు వందల్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే, బొమ్మలోని గరుకుతనం ఇరవయ్యో వంతుకి దిగుతుంది. ఎందుకు ఇరవై అంటే, నాలుగు వందలకి వర్గమూలం. ఇంజనీరింగ్‌లో చదివిన స్టాటిస్టిక్స్ జీవితంలో మొదటిసారి అక్కరకొచ్చింది.

పోనీ ఇంకా ఎక్కువసేపు తీద్దామా అంటే అదీ కుదరదు. గురుడు పది గంటల లోపే తన చుట్టూ తాను ఒక చుట్టు తిరిగేస్తాడు. రెండు మూడు నిమిషాలు దాటితే మొహం మీది గుర్తులు పక్కకి సాగిపోతాయి. టెలిస్కోపుని ఓ గంట ముందే చలిలో పెట్టాలి, లేకపోతే అద్దం మీది వేడికి పెనం మీద ఆవిరిలా బొమ్మ ఆడుతుంది. ఇలాంటివి ఒక్కోటీ ఒక్కో రాత్రి పాడుచేసుకుని నేర్చుకున్నాను.

ఇంత చేసినా పేర్చిన బొమ్మ మసకగానే ఉంటుంది. అసలు తమాషా అక్కడ మొదలవుతుంది. రెజిస్టాక్స్ అని ఇంకోటుంది, దాంట్లో వేవ్‌లెట్లని ఆరు మీటలు. జరుపుతుంటే మసకలోంచి పట్టీలు, పట్టీల మీద ముడతలు, ఎర్ర మచ్చ ఒక్కోటే పైకి తేలతాయి. కాస్త జరిపితే బాగుంటుంది. ఇంకాస్త జరిపితే ఇంకా బాగున్నట్టే ఉంటుంది. రాత్రి రెండింటికి, నిద్రమత్తులో, ఆపేవాడెవడూ లేడు.

2024 డిసెంబరులో అలాగే ఆపలేదు. చారలు కత్తితో గీసినట్టున్నాయి, ఎర్ర మచ్చ కుంకుమ బొట్టులా వెలిగిపోతోంది, కింద మూడు తెల్ల తుఫాన్లు. వాట్సాప్‌లో పెట్టాను. "నాసా వాళ్ళు పిలుస్తారు బావా" అన్నాడు మా బావమరిది. తెల్లారాక నాన్న ఫోను చేశాడు.

"ఏరా, ఇది నువ్వు తీసిందా, గీసిందా?"

"తీసిందే నాన్నా."

"ఆ మూడు తెల్ల చుక్కలూ నిజంగా ఉన్నాయా?"

ఉన్నాయనబోయి ఆగాను. అదే రాత్రి పది నిమిషాల తేడాలో తీసిన ఇంకో వీడియో ఉంది. మర్నాడు దాన్నీ అలాగే పేర్చి చూశాను. మూడు చుక్కల్లో ఒక్కటీ లేదు. గరుకుని పట్టుకుని నేనే తుఫాను చేశాను. 1877లో స్కియాపరెల్లీ కుజుడి మీద సన్నటి గీతలు చూశాడు. తరవాత అమెరికాలో పర్సివల్ లోవెల్ అవి తెలివైన జీవులు తవ్విన కాలువలన్నాడు. 1965లో మారినర్ 4 దగ్గరకెళ్ళి ఫోటోలు తీస్తే ఒక్క కాలువా లేదు. ఆయన కళ్ళతో చేసింది నేను మౌసుతో చేశాను, అంతే తేడా.

నాన్న ప్రశ్న నాకు గుచ్చుకోడానికి వేరే కారణం ఉంది.

అమ్మ 2019లో పోయింది. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. పదకొండో రోజుకి గోడకి పెట్టే ఫోటో కావాలంటే, ఫోనులో ఉన్నది ఒకటి పట్టుకెళ్ళి అక్కడొక స్టూడియోలో ఇచ్చి "బాగా చెయ్యి" అన్నాను. కుర్రాడు బాగానే చేశాడు. మొహం పాలరాయిలా నున్నగా వచ్చింది. చిన్నప్పుడు బావి గట్టు మీద పడితే ఎడమ కనుబొమ మీద పడ్డ మచ్చ కూడా పోయింది. నేను గమనించలేదు. నాన్న చూసి ఫోటో గోడకి తిప్పి పెట్టేశాడు.

"బానే ఉంది కదా నాన్నా" అన్నాను.

"బానే ఉంది. మీ అమ్మ కాదు."

నాకు చిర్రెత్తింది. ముప్ఫై ఏళ్ళు నువ్వు చేసిందీ ఇదేగా అన్నాను. నిజమే, నెగెటివుకి మందు రాసి, సూదిలా చెక్కిన పెన్సిలుతో భూతద్దం కింద చుక్కలు పెట్టేవాడు. నెగెటివు మీద నల్లగా నింపితే ప్రింటులో అక్కడ తెల్లబడుతుంది. పెళ్ళిచూపుల ఫోటోలకి ఆయన చెయ్యి పడాల్సిందే అనేవారు మా ఊళ్ళో.

"నేను తీసేసింది మొటిమలు. అవి పదిరోజులకి వాటంతటవే పోతాయి. మచ్చ ముట్టుకునేవాణ్ణి కాదు" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. మచ్చతో ఉన్న ఫోటో ఆయనే మళ్ళీ చేయించాడు.

ఆ మాట నాకు ఐదేళ్ళకి, గురుడి దగ్గర అర్థమైంది. గాలి చేసే వంకర ఈ బొమ్మలో ఉన్నట్టు ఆ బొమ్మలో ఉండదు, పేరిస్తే పోతుంది. గ్రహానిదైతే ప్రతిసారీ వస్తుంది. అప్పటినుంచి ఒక్క వీడియోతో ఆపడం లేదు. ప్రతి రాత్రీ రెండు మూడు తీసి, విడివిడిగా చేసి పక్కపక్కన పెట్టుకుంటున్నాను. అన్నిట్లో ఉన్నది ఉంచుతాను. ఒక్కదాంట్లోనే ఉంటే మీట వెనక్కి లాగుతాను, ఎంత అందంగా ఉన్నాసరే. చాలాసార్లు మనసొప్పదు.

ఈ జనవరి బొమ్మ అలా చేసిందే. పోయినదాని కంటే మెత్తగా ఉంది. బావమరిది బొటనవేలు ఒకటి పెట్టి ఊరుకున్నాడు. నాన్నకి పంపితే ఆ సాయంత్రమే వీడియో కాల్ చేశాడు. కాటరాక్ట్ ఆపరేషన్ అయిన కళ్ళకి ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మచ్చ కిందుందేంట్రా? పోయినసారి పంపిందాంట్లో పైనుంది."

"మా టెలిస్కోపులో తలకిందులుగా పడుతుంది నాన్నా. పోయినసారిది తిప్పకుండా పంపేశాను."

"మా పాత కెమెరా అద్దంలోనూ అంతే. నల్లగుడ్డ కింద దూరి చూస్తే పెళ్ళికొడుకులందరూ శీర్షాసనమే." నవ్వాడు. "ఇప్పుడు ఏ రాశిలో ఉన్నాడు?"

"మిథునం."

వేళ్ళ మీద లెక్కెట్టాడు. గురుడు సింహరాశిలోకి వస్తే గోదావరి పుష్కరాలు. 1991లో ఆయన రేవులో నిలబడి రోజుకి ఎన్ని రీళ్ళు తీశాడో చిన్నప్పటినుంచి వింటున్నాను. 2015లో అమ్మ ఒక్క పూటైనా రమ్మని మూడుసార్లు ఫోను చేసింది. గో-లైవ్ ఉందని వెళ్ళలేదు. ఆ ప్రాజెక్టు పేరు కూడా ఇప్పుడు గుర్తులేదు.

"2027లో వస్తాడు సింహానికి" అన్నాడు నాన్న. "అమ్మకి పెట్టాలి. టికెట్లు ముందే చూసుకో, తరవాత దొరకవు."

చూస్తానన్నాను. పక్క నుంచి మా ఆవిడ, ఈసారి చూపుడు వేలు ఊపుతూ, చూడడం కాదు కొనమంది.