తెరలోని ఇల్లు

హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలలో చిత్రీకరణకు అద్దెకిచ్చే మేడలున్నాయి. ఒక ధారావాహికలో కోటీశ్వరుని భవనంగా కనిపించిన మేడయే మరొకదానిలో కోడలిని గడప దాటనివ్వని అత్తగారి ఇల్లు అవుతుంది. ఆ మెట్లను ఎక్కడో చూచినట్లు ప్రేక్షకురాలికి తోచినా ఆమె ధ్యాసంతా లోపల జరిగే కలహం మీదనే.

తెలుగు గృహిణికి ధారావాహిక కొత్త కాదు. వారపత్రికలలో నవలలను విడతలుగా చదివి, తరువాయి భాగం కోసం ఎదురుచూచిన తరం ఆమెకు ముందున్నది. 1990వ దశకంలో ఆ పాఠకురాలే ప్రేక్షకురాలైనది. యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా దూరదర్శన్‌లో వచ్చిన 'ఋతురాగాలు' ఇందుకు చక్కని తార్కాణం. దాని దర్శకురాలు మంజులానాయుడు తరువాత జెమిని టీవీకి 'చక్రవాకం', 'మొగలిరేకులు' అందించారు. వారం వారం వచ్చిన కథ ప్రతిరోజూ వచ్చేసరికి ఇంటి దినచర్యయే మారిపోయింది. వంట, పిల్లల చదువు ఆ అరగంటకు ముందో వెనుకో ముగియవలసినవే. ఇంటికి వచ్చిన చుట్టం సైతం కుశలప్రశ్నలకు ప్రకటనల దాకా ఆగవలసినదే! పగలంతా ఇతరుల కోసం శ్రమించే స్త్రీ తనకంటూ దక్కించుకొన్న కాలమది. దానిని ఎగతాళి చేసేవారు క్రికెట్ ఆట ముందు తాము గడిపే గంటలను లెక్కించరు.

అయితే ఆ అరగంటలో ఆమెకు లభించేదేమిటి? 'కరుత్తముత్తు' అనే మలయాళ ధారావాహిక ఆధారంగా వచ్చిన 'కార్తీక దీపం' 2017 నుండి 2023 వరకు స్టార్ మాలో ప్రసారమైనది. అందులో దీప ఒంటిరంగును చూచి అత్త ఏవగించుకొంటుంది. భర్త శీలాన్ని శంకిస్తాడు. ఆమె వంటపని చేసుకొంటూ బిడ్డను పెంచుతుంది. 'వంటలక్క' అన్న పేరు ఊరూరా జనం నోళ్లలో నానింది. పెళ్లిచూపులలో రంగు గురించి మాటలు పడిన ఆడపిల్లలకు అది తమ కథే అనిపించడంలో వింత లేదు. కాని ఆ పాత్ర కోసం నటి ప్రేమీ విశ్వనాథ్ ముఖానికి నలుపు పూయవలసి వచ్చింది. నల్లని పిల్ల వేదనను చెప్పే కథకు నల్లని నటి దొరకలేదా, అసలు వెదకలేదా? ఇక భర్త స్వయంగా వైద్యుడు, ఒక్క డి.ఎన్.ఎ. పరీక్షతో తీరే సందేహాన్ని ఏళ్ల తరబడి మోశాడు. ప్రేక్షకులు ఆ మాటే అనుకొని నవ్వుకొన్నారు, మరునాడు మళ్లీ చూశారు.

2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వలన చిత్రీకరణలు నిలిచిపోయాయి. తెరపై పాత భాగాలే తిరిగి వచ్చాయి. చూచేవారికి అది చిన్న వెలితి. జూబ్లీహిల్స్ దిగువన కృష్ణానగర్ ఇరుకు గదులలో ఉండే లైట్‌మెన్‌కు, మేకప్ సహాయకులకు, జూనియర్ ఆర్టిస్టులకు మాత్రం ఆనాటి కూలి ఆగిపోయింది. చిరంజీవి నాయకత్వాన ఏర్పడిన కరోనా క్రైసిస్ చారిటీ సినీ కార్మికులకు నిత్యావసర సరుకులు పంచింది. జూన్‌లో ప్రభుత్వం అనుమతించిన తరువాతనే ఆ మేడలలో మళ్లీ దీపాలు వెలిగాయి.